చిల్కూట్ ట్రెయిల్‌లో తడి సాక్సులు ఆరాలంటే

అలాస్కాలోని డయీ నుంచి కెనడాలోని బెన్నెట్ దాకా 53 కిలోమీటర్లు, 1897-98లో బంగారం కోసం జనం ఎగబడి వెళ్లిన కొండదారి. గైడ్ ఉన్నా సరే, వానకు, బురదకు సాక్సులు తడవక మానవు. ఆరబెట్టుకుందామంటే మంట వేయనివ్వరు.

రాత్రి వంటయ్యాక అదే స్టవ్ మీద లీటరు నీళ్లు మరిగించి, మరుగు నీళ్లు తట్టుకునే మందపాటి ప్లాస్టిక్ బాటిల్లో పోసి మూత గట్టిగా బిగించండి. సాక్సులు బాగా పిండి, ఒకటి బాటిల్ పైనుంచి, ఇంకోటి అడుగునుంచి తొడిగి, స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. కాళ్లకూ వెచ్చగా ఉంటుంది, పొద్దున అవే నీళ్లు తాగడానికి పనికొస్తాయి. మందపాటి ఉన్ని సాక్సులైతే కొంచెం చెమ్మ మిగులుతుంది, తొడుక్కుని నడుస్తుంటే అదీ పోతుంది.

నీళ్లు కారే సాక్సులతో మాత్రం వద్దు, స్లీపింగ్ బ్యాగే తడుస్తుంది. బాటిల్లో టీ, సూప్ లాంటివి అసలే వద్దు. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, టెంటులోకి తిండి వాసన రానివ్వకూడదు.