కారు షెడ్డులోకి మళ్ళీ కారు రావాలంటే

ఇల్లు కట్టుకునేటప్పుడు కారు కోసమని 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవున షెడ్డు వేయించుకున్నవాళ్ళలో చాలామంది, నాలుగైదేళ్ళు తిరిగేసరికి కారును వీధిలో చెట్టు కింద నిలిపి, షెడ్డులో మాత్రం మిగిలిపోయిన టైల్సు, అడుగంటిన పెయింటు డబ్బాలు, చక్రం ఊడిన పిల్లల సైకిలు, కాలిపోయిన బోరు మోటారు, మూలన పడ్డ కూలరు దాచుకుంటూ ఉంటారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. దాన్ని సర్దుదామని నేను మొట్టమొదట చేసిన పని కొత్త ఇనుప ర్యాకు కొనడం. పారేయవలసిన సామానంతా అందులో వరుసగా పేర్చిపెట్టాను. డబ్బు ఖర్చయింది, కారు వీధిలోనే ఉండిపోయింది. చేతిలో తక్కువ డబ్బున్నవాళ్ళు ముందు ఖాళీ చేయాలి, తరువాత కొలవాలి, కొనుగోలు మాట అన్నిటికన్నా చివర తలపెట్టాలి.

ఖాళీ చేయడానికి వానలు లేని రోజు, ఎండ వచ్చిన తరువాత మొదలుపెట్టడం మంచిది. కాళ్ళకు బూట్లు, చేతులకు మందపాటి గ్లౌజులు తప్పనిసరి. ఎలుకలు చేరిన చోటికి పాములు వస్తాయి. పేర్చిన ఇటుకల సందుల్లో, తడిసిన గోనె సంచుల కింద తేళ్ళు, జెర్రులు ఉంటాయి. అందుకని ఏ సంచినీ చేతితో ఎత్తకుండా, పొడవాటి కర్రతో వెలుతురులోకి లాగి, దులిపిన తరువాతే పట్టుకోవాలి. సామాను మొత్తం వాకిట్లోకి రావాలి. సగం తీసి సగం లోపలే ఉంచితే, సాయంత్రానికి తీసిన సగం కూడా తిరిగి లోపలికే పోతుంది.

వాకిట్లో పరిచాక అసలు పేచీ మొదలవుతుంది. ‘ఇది ఎప్పటికైనా పనికొస్తుందా’ అని అడిగితే మన ఇళ్ళలో పనికిరానిదంటూ ఏదీ ఉండదు. పోయిన సంక్రాంతి నుంచి దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా, ఇది లేకపోతే మళ్ళీ కొనడానికి ఎంత అవుతుంది అన్న రెండు ప్రశ్నలే అడగాలి. ఈ లెక్కకు లొంగని వస్తువు ఒకటుంది: మిగిలిన టైల్సు. ఏళ్ళ తరువాత ఒక టైలు పగిలితే అదే కంపెనీ, అదే నమూనా దొరికినా రంగు కలవడం కష్టం, కాబట్టి గదికి నాలుగైదు చొప్పున ఉంచుకుని, తక్కినవి ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకు ఇచ్చేయవచ్చు. పెయింటు డబ్బా మూత తీసి కర్రతో కలిపి చూస్తే సంగతి తెలిసిపోతుంది. గడ్డ కట్టినదాన్ని థిన్నరు కూడా బతికించదు. బాగున్న డబ్బా మీద ‘హాలు గోడ, 2022’ అని రాసి పెట్టుకోవాలి.

పాత ఇనుము కొనేవాళ్ళకు సామాను అమ్మేటప్పుడు కొంచెం ఓపిక పడితే సర్దుబాటు ఖర్చులో ఎంతో కొంత అక్కడే వస్తుంది. కాలిపోయిన మోటారును ఇనుములో కలిపి తూచనివ్వకూడదు, దాని లోపల చుట్టిన తీగ సాధారణంగా రాగి. పాత కుళాయిలలోనూ ఇత్తడివి ఉంటాయి, వాటినీ విడిగానే బేరమాడాలి. మాకు ఒకసారి తూకంలో తేడా వచ్చింది. అప్పటి నుంచి విప్పని 25 కిలోల బియ్యం బస్తాను ముందుగా తరాజుకు తగిలించమంటున్నాను. ముల్లు ఎక్కడ నిలబడిందో ఇద్దరమూ చూశాకనే బేరం.

అమ్ముడుపోని సామాను సంగతి మరొకటి. భోగిమంటలో పాత చెక్కముక్కలు వేయడం మన ఆచారమే గాని, టైర్లు, ప్లాస్టిక్కు, రంగు పూసిన తలుపులు వేస్తే వీధి వీధంతా ఆ విషపు పొగ పీల్చవలసి వస్తుంది. పాతకాలపు ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి వాటిని పగలగొట్టకుండా విడిగా అప్పగించాలి. పాత ఇన్వర్టరు బ్యాటరీని, కొత్తది కొనేటప్పుడు దుకాణదారుకే ఇచ్చి ధరలో తగ్గింపు అడగాలి.

షెడ్డు ఖాళీ అయ్యాక కడిగి, ఆరబెట్టి, గోడలకు సున్నం వేస్తే చెదల మట్టిగీతలు ఎక్కడ మొదలైనా వెంటనే కనపడతాయి. అప్పుడు కొలతలు తీయాలి. మన దగ్గర ఎక్కువగా తిరిగే చిన్న కార్ల పొడవు 4 మీటర్ల లోపే, అంటే సుమారు 13 అడుగులు. వెడల్పు అయిదున్నర అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. ముందువైపుగా లోపలికి పోనిచ్చే కారయితే, డ్రైవరు దిగే కుడివైపు తలుపు తెరుచుకోవడానికి రెండున్నర అడుగులు వదలాలి. ఎడమవైపు కూర్చున్నవాళ్ళు బయటే దిగిపోతారు కాబట్టి ఆ గోడకు అడుగు లోతు ర్యాకు వేసినా ఇబ్బంది లేదు. బరువైనవీ, ఎప్పుడో గాని తీయనివీ కారు ముక్కుకు ఎదురుగా ఉండే వెనక గోడకు చేర్చాలి. ర్యాకు లోతు అడుగున్నర దాటితే వెనకవరుస వస్తువులను మనం మరిచిపోతాం.

ఇప్పుడు కొనవచ్చు. వరుసగా బెజ్జాలుండే ఇనుప యాంగిళ్ళ ర్యాకులు, మూసేసిన కిరాణా దుకాణాల నుంచి పాత సామాను అంగళ్ళకు వస్తుంటాయి; తుప్పు గీకి, మళ్ళీ తుప్పు పట్టకుండా రెడాక్సైడు రంగు పూస్తే ఇంటి అవసరానికి చాలు. నాలుగు మూలలా ముక్కోణపు బిళ్ళలు బిగించి, పైభాగాన్ని గోడకు పట్టీతో కట్టకపోతే ర్యాకు ఊగుతుంది. అలమర కట్టించే స్తోమత ఉంటే కడప బండ మేలు: దానికి చెద పట్టదు, తడి అంటదు, వంటింటి పనిలో మిగిలిన ముక్కలయినా సరిపోతాయి. డబ్బాల కోసం ఖర్చు అక్కరలేదు. 20 లీటర్ల పెయింటు బకెట్లు, మార్కెట్లో వాడి వదిలేసిన టమాటా ట్రేలు కావలసినంత పనిచేస్తాయి. ట్రే పక్కలకు చిల్లులుంటాయి కాబట్టి లోపల ఏముందో కూడా కనిపిస్తుంది.

మేకులూ స్క్రూలూ పెట్టే చిన్న డబ్బాల మీద పేరు రాయడం కన్నా, లోపలున్న రకంలోంచే ఒకదాన్ని మూత మీద టేపుతో అతికించడం నాకు బాగా అచ్చివచ్చింది. ‘రెండంగుళాలు’ అని రాసిన కాగితం చెమటకు చెరిగిపోయింది గాని, అతికించిన మేకు నాలుగేళ్ళయినా అలాగే ఉంది.

నిచ్చెన, పలుగు, పార గోడకు అడ్డంగా కొట్టిన కొక్కేల మీద ఉండాలి. నేల మీద ఏది పెట్టినా ఇటుకల మీదే పెట్టాలి, ఎందుకంటే పెద్ద వానకు షెడ్డులోకి అంగుళమో రెండంగుళాలో నీళ్ళు రావడం మామూలే. రేకుల షెడ్డయితే పైకప్పు పైపులకు బరువులు వేలాడదీయవద్దు. సిమెంటు రేకులకు బెజ్జాలు అసలే వేయవద్దు, అందులోని ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం.

ఇన్వర్టరు బ్యాటరీ షెడ్డులోనే ఉంటే దానికి గాలి ఆడే మూల కేటాయించాలి. యాసిడ్డు బ్యాటరీ చార్జింగులో ఉన్నప్పుడు హైడ్రోజన్ వాయువు వదులుతుంది, కాబట్టి థిన్నరు, పెట్రోలు డబ్బాలు దాని దరిదాపుల్లో ఉండకూడదు. గ్యాసు సిలిండరును ఇక్కడికి తేవద్దు: వంటగ్యాసు గాలికన్నా బరువైనది, కారితే పైకి పోకుండా నేలబారుగా పరుచుకుంటుంది.

ఆఖరున కారును లోపల పెట్టి, దాని చుట్టూ నేల మీద సుద్దతో గీత గీసి, కుడివైపు తలుపులూ డిక్కీ తెరిచి చూడాలి. మాకు మొదటిసారి డిక్కీ తలుపు షట్టరు చుట్టకు తగిలింది, కారును ఇంకో అర అడుగు ముందుకు జరపవలసి వచ్చింది. చక్రం ఆగవలసిన చోట ఒక ఇటుకను సిమెంటుతో అంటించి, కుడి గోడ మీద తలుపు అంచు తాకే ఎత్తులో పాత సైకిలు టైరు ముక్కను మేకులతో కొట్టిన తరువాతే సుద్ద గీత మీద పసుపు పెయింటు వేశాను.