అరకు ఘాట్‌కి సామానుతో సైకిల్ యాత్ర: రూటు, సైకిల్ ఎలా చూసుకోవాలి?

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఆ అంకె చూసి ఒక్కరోజులో తొక్కేద్దామని బయల్దేరినవాళ్లే ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక సైకిల్ తోసుకుంటూ కనిపిస్తారు. కొండ యాత్రలో లెక్క వేయాల్సింది దూరం కాదు, ఎక్కుడు.

ముందు రూటు. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట వరకు ఇబ్బంది లేదు, ఘాట్ ఆ తర్వాతే. అరకు 900 మీటర్ల ఎత్తు కదా, అంతే ఎక్కాలి అనుకోకండి. రోడ్డు అనంతగిరి దాటి గాలికొండ దగ్గర అరకుకన్నా బాగా పైకి వెళ్లి మళ్లీ దిగుతుంది. అందుకే మ్యాప్ యాప్‌లో మొత్తం ఎక్కుడు చూడండి. మొదటి రాత్రి అనంతగిరిలో ఆగాల్సిందే. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకే వెళ్లండి. డిసెంబర్‌లో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది, పొద్దున్నే దట్టమైన పొగమంచు.

ఇక సైకిల్. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న ఎంటీబీ (కొండదారులకి చేసిన సైకిల్) తీసుకోండి. వెనక కూడా ఉంటే ఫ్రేమ్ మధ్య బ్యాగుకి చోటుండదు. డిస్క్ బ్రేకులు, రెండంగుళాలకు తగ్గని టైర్లు. అంతే.

అందరూ తప్పు చేసేది గేర్ల దగ్గర. షాపులో “21 గేర్లండీ” అంటారు. ఎన్ని గేర్లున్నాయన్నది వదిలేసి పళ్లు లెక్కపెట్టండి: పెడల్ దగ్గర అతి చిన్న చక్రానికి ఎన్ని, వెనక అతి పెద్ద చక్రానికి ఎన్ని. సామానుతో ఘాట్ ఎక్కాలంటే వెనకది ముందుదానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ముందు 32, వెనక 51 పళ్లున్న 29 అంగుళాల టైర్ల సైకిల్‌పై నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకు ఐదు కిలోమీటర్ల వేగం. ముందు 28, వెనక కూడా 28 అయితే అదే తొక్కుడుకి ఎనిమిది దాటాలి. బరువుతో ఆ వేగం గంటల తరబడి నిలవదు. తొక్కుడు నెమ్మదిస్తుంది, భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. తేలికైన సైకిల్ కొంటే చాలనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారైనా వేసుకోవాలి. ఫ్రేమ్‌లో కిలో తగ్గించి సరిగ్గా లేని గేరుతో ఘాట్ ఎక్కలేరు.

ఉన్న సైకిల్‌కే పెద్ద క్యాసెట్ (వెనక పళ్లచక్రాల సెట్) వేయిద్దామని తొందరపడకండి. మీ డీరెయిలర్ (చైన్‌ని ఒక చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) ఎన్ని పళ్ల వరకు అందుకోగలదో మెకానిక్‌ని అడగండి. చైన్ కూడా పొడవుది కావాలి. పొట్టి చైన్‌తో ముందూ వెనకా పెద్ద చక్రాలమీదికి గేరు మారిస్తే డీరెయిలర్ హ్యాంగర్, అంటే దాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క, విరగొచ్చు. విరిగితే అక్కడితో యాత్ర ఆగిపోతుంది. విడి హ్యాంగర్ ఒకటి బ్యాగులో ఉండాలి. ప్రతి మోడల్‌కీ వేరేది కాబట్టి దారిలో దొరకదు. గేరు మలుపుకి ముందే మార్చండి. సగం ఎక్కుడులో బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ తెగొచ్చు.

సామాను సంగతి సులువు. బరువైనవి ఫ్రేమ్ మధ్యలో, దుప్పటి హ్యాండిల్‌కి, బట్టలు సీటు వెనక. వెనక క్యారియర్ వద్దు, బోల్టులు వదులవుతాయి.

మొత్తం సామానుతో ముందు విశాఖలోని కైలాసగిరి కొండ ఎక్కండి. కూర్చునే, ఆగకుండా పైదాకా వెళ్లగలిగితే గేరు సరిపోయినట్టే. దిగేటప్పుడు బ్రేకులు అదిమే ఉంచకండి, మలుపు ముందు గట్టిగా పట్టి వదలండి. కిందికొచ్చాక ప్యాడ్లు చూసి, అరిగుంటే బయల్దేరేలోపే మార్పించుకోండి.