1555 ఆగ్స్‌బర్గ్ శాంతి ఒప్పందాన్ని ఎలా చదవాలి

జర్మన్ సంస్థానాల కూటమి అయిన పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో కాథలిక్కులకూ, మార్టిన్ లూథర్ సంస్కరణలను అనుసరించిన లూథరన్లకూ మధ్య కుదిరిన ఆగ్స్‌బర్గ్ ఒప్పందాన్ని చదవబోయేవారు అది మతస్వేచ్ఛను ప్రకటించిన పత్రమనే అభిప్రాయాన్ని ముందుగా పక్కన పెట్టాలి. 1547లో మ్యూల్‌బెర్గ్ వద్ద లూథరన్ సంస్థానాధీశులను ఓడించిన తరువాత కూడా ఐదవ చార్లెస్ చక్రవర్తి వారిని కాథలిక్ మతంలోకి మళ్లించలేకపోయాడు. 1552లో సాక్సనీ పాలకుడు మోరిస్ తిరగబడడంతో పస్సౌలో సంధి కుదుర్చుకోక తప్పలేదు. ఆ సంధికి స్థిరత్వం కల్పించేందుకు చక్రవర్తి తమ్ముడు ఫెర్డినాండ్ సామ్రాజ్య సభను నడిపించగా, 1555 సెప్టెంబరు 25న ఒప్పందం వెలువడింది. అందువల్ల, ఒకరినొకరు లొంగదీసుకోలేమని గ్రహించిన రెండు పక్షాల రాజీగానే దీనిని చదవాలి.

ప్రతి నిబంధన వద్దా ఆగి, ఇది ఎవరికి వర్తిస్తుందని ప్రశ్నించుకోండి. రక్షణ లభించింది కాథలిక్కులకు, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనను అనుసరించేవారికి, అంటే లూథరన్లకు, మాత్రమే; మరో సంస్కర్త కాల్విన్ అనుచరులకూ, పెద్దయ్యాకే బాప్తిస్మం ఇవ్వాలనే అనాబాప్టిస్టులకూ ఇందులో చోటు లేదు. ఎంపిక పాలకునిది, ప్రజలది కాదు. అయితే పాలకుని మతం నచ్చనివారు ఆస్తి అమ్ముకుని కుటుంబంతో వేరే ప్రాంతానికి వెళ్లవచ్చని రాసి ఉన్న నిబంధనను తేలికగా దాటిపోకండి. మతభేదానికి మరణశిక్ష పడే కాలంలో అది ఎందరి ప్రాణాలకో ఆసరా. "ఎవరి రాజ్యమో వారి మతం" అనే ప్రసిద్ధ సూత్రం కోసం మాత్రం వెతకవద్దు. దానిని తరువాతి న్యాయవేత్తలు రూపొందించారు.

ఎక్కువ సమయం కేటాయించవలసింది చర్చి పదవులకు సంబంధించిన మినహాయింపుకు. సంస్థానాన్ని ఏలే బిషప్ లూథరన్‌గా మారితే పదవినీ రాబడినీ వదులుకోవాలని అది శాసిస్తుంది. లూథరన్లు దీనికి ఒప్పుకోలేదు. ఫెర్డినాండ్ తన అధికారంతోనే దీనిని చేర్చాడు, ఏకాభిప్రాయం కుదరలేదని ఒప్పందమే చెబుతుంది. ప్రతిగా బిషప్పుల సంస్థానాల్లోని లూథరన్ ప్రభువులూ పట్టణాలూ తమ మతంలోనే కొనసాగవచ్చని ఆయన ఇచ్చిన హామీని ప్రధాన పాఠంలో చేర్చలేదు కనుక దానిని విడిగా చూడాలి. 1582లో కొలోన్ ఆర్చిబిషప్ గెబ్‌హార్డ్ కాథలిక్ మతాన్ని విడిచి కూడా పదవిని అట్టిపెట్టుకోవాలనుకున్నప్పుడు యుద్ధం ఎందుకు రేగిందో ఈ మినహాయింపు చదివితేనే అర్థమవుతుంది. చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురిలో ఆయన ఒకరు. ఆ స్థానం కాథలిక్కుల చేజారితే ఆధిక్యం ప్రొటెస్టెంట్లది అయ్యేది.

చివరగా, ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన 1648 వెస్ట్‌ఫేలియా సంధిలోని మత నిబంధనలను పక్కన పెట్టుకుని పోల్చండి. కాల్విన్ అనుచరులకు అక్కడ చోటు దక్కింది. చర్చి ఆస్తుల వివాదాలకు 1624వ సంవత్సరాన్ని, అంటే ఆ ఏడాది అవి ఎవరి చేతిలో ఉన్నాయన్నదాన్ని, కొలమానంగా నిర్ణయించారు.