నీడ కట్టడం, 3వ పాఠం: నాలుగు మూలలూ ఒకే ఎత్తున కట్టకండి

ఈసారి సోలార్ దీపాల గురించి చెప్పుకోవాలి. దానికి చివర్లో చోటిస్తాను. ముందు మీరు డాబా మీద కట్టిన నీడ పరదాల సంగతి తేలాలి.

రెండో పాఠం చూసి డాబా మీద షేడ్ నెట్ కట్టినవాళ్ళు చాలామంది ఫొటోలు పంపారు. కొందరి నెట్ వారం తిరక్కుండానే పొట్ట వేసింది. కొందరిది రాత్రంతా టపటపా కొట్టుకుని, తెల్లారేసరికి మూల రింగు దగ్గర చిరిగింది. నరసరావుపేట నుంచి రాసిన ఒకావిడ నెట్ బదులు టార్పాలిన్ పట్టా కట్టారు. గాలివానకి నీళ్ళు నిలిచి, పైపు వంగి, పట్టా మొత్తం కిందికొచ్చింది. సిద్దిపేట ఆయనకైతే తాడు కట్టిన పిట్టగోడ పైవరస ఇటుకలే ఊడాయి. అందరూ అడిగింది ఒకటే: ఇంకా మందం గుడ్డ కొనమంటారా, ఇంకా లావు తాడు వాడమంటారా?

రెండూ వద్దు. మీ గుడ్డ మంచిదే, తాడూ మంచిదే. ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిట్లో ఉన్నది ఒకే తప్పు. నాలుగు మూలలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఒక ఫొటోలో అయితే తాపీమేస్త్రీలు వాడే లెవల్ ట్యూబు ఇంకా నేల మీదే ఉంది, లోపల నీళ్ళతో సహా. అంత శ్రద్ధగా మట్టం చూసి మరీ కట్టారు. రెండో పాఠంలో 'ఎదురెదురు మూలలు రెండు దించండి' అని ఒక వాక్యం ఉంది. అందం కోసం చెప్పాననుకుని ఎక్కువమంది దాటేశారు. అందుకే ఈ పాఠం చాలావరకు ఆ ఒక్క వాక్యం గురించే.

మట్టంగా కడితే ఏమవుతుందో చూడండి. దండేనికి తడి దుప్పటి వేస్తే ఎంత బిగించి కట్టినా నడుమ కిందికి దిగుతుంది. అసలు దిగకుండా ఉండాలని లాగుతూ పోతే ముందు మేకు ఊడుతుంది. తాడు ఎంత తిన్నగా ఉండాలనుకుంటే, అడ్డంగా వచ్చే బరువుకి దానిలో లాగుడు అంత పెరుగుతుంది. లెక్క కూడా తేలికే: దిగుడు సగానికి తగ్గితే లాగుడు రెట్టింపు. పూర్తిగా తిన్నగా ఉండి బరువు మోసే తాడు లోకంలో లేదు. మట్టంగా కట్టిన గుడ్డంటే అన్ని వైపులా అలా తిన్నగా ఉండమని మనం అడుగుతున్న తాళ్ళ గుంపే. అది మన మాట వినదు. కాస్త సాగి పొట్ట వేసుకున్నాకే బరువు మోస్తుంది. ఆ పొట్టలోనే నీళ్ళు చేరతాయి. ఒక చదరపు మీటరు మీద 10 సెంటీమీటర్ల లోతు నీళ్ళంటే 100 లీటర్లు, అంటే 100 కిలోలు. ఆ బరువుకి పొట్ట ఇంకా దిగుతుంది, దిగిన చోటికి ఇంకా నీళ్ళొస్తాయి. నరసరావుపేటలో పైపు వంగింది ఇందుకే.

గాలి సంగతి ఇంకో రకం. నీళ్ళు కిందికే తోస్తాయి, గాలి కిందికీ పైకీ కూడా. పొట్ట వేసిన గుడ్డ కింది నుంచి గాలి తగిలితే పైకి ఉబ్బుతుంది, గాలి తగ్గగానే పడుతుంది, మళ్ళీ లేస్తుంది. లేచినప్పుడల్లా, పడినప్పుడల్లా మూల రింగు మీద ఒక జెర్కు. మూల చిరిగేది గాలి బలానికంటే ఈ జెర్కులకే.

ఇప్పుడు రెండు మూలలు పైకి, రెండు కిందికి కట్టండి. పక్కపక్క మూలలు కాదు, ఎదురెదురువి, ఐమూలగా. గుడ్డ మెలి తిరుగుతుంది. పై మూల నుంచి పై మూలకి చూస్తే గుడ్డ నడుమ కిందికి వంగి ఉంటుంది. కింది మూల నుంచి కింది మూలకి చూస్తే నడుమ పైకి వంగి ఉంటుంది. ఈ రెండు వంపులూ ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి. గాలి పైనుంచి నొక్కితే మొదటి వంపు ఆపుతుంది, కింద నుంచి లేపితే రెండోది ఆపుతుంది. కొట్టుకోవడానికి గుడ్డలో వదులే మిగలదు. నీళ్ళకి నిలిచే చోటుండదు, రెండు కింది మూలలకీ జారిపోతాయి.

ఇది నా సొంత తెలివి కాదు. జర్మనీలో ఫ్రై ఒట్టో అనే వాస్తుశిల్పి 1955లో కాసెల్ ఉద్యాన ప్రదర్శనలో సంగీతకారుల కోసం ఇలాంటి పందిరే వేశాడు. రెండు మూలలు పైకి, రెండు కిందికి, మామూలు నూలు కాన్వాసు గుడ్డ. 1972 మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం కప్పు వెనక ఉన్నవాళ్ళలో ఆయన ఒకడు. 2015లో ఆయనకి వాస్తుశిల్పంలో పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. మన షామియానా వాళ్ళకీ ఈ సూత్రం తెలుసు, వాళ్ళ పద్ధతి వేరు: నడుమ పొడుగు గుంజ నిలబెట్టి గుడ్డని పైకి లేపుతారు. అదే షామియానా నడిమి గుంజ లేకుండా కట్టిన చోట వాన పడితే, వంటవాళ్ళు కర్రతో కింద నుంచి పొడుస్తూ నీళ్ళు దొర్లించడం మీరూ చూసే ఉంటారు.

'కొంచెం దించాను, చాలదా?' అని అడుగుతున్నారు. జానెడు దించితే చాలదు. ఐమూల కొలతలో కనీసం అయిదో వంతు తేడా ఉండాలి. 4 మీటర్లు, 3 మీటర్ల గుడ్డకి ఐమూల 5 మీటర్లు. కాబట్టి పై మూలలకీ కింది మూలలకీ మధ్య ఒక మీటరు తేడా. పై మూలలు 3.1 మీటర్లు, కింది మూలలు 2.1 మీటర్లు పెట్టండి. తల తగలదు. నేనైతే ఇంకో అడుగు ఎక్కువే పెడతాను, మెలి ఎంత ఎక్కువుంటే అంత ధైర్యంగా నిద్రపోవచ్చు.

ఏ మూలలు దించాలి? మన ఎండని బట్టి చెబుతాను. మే నెలలో సాయంత్రం నాలుగుంపావుకి హైదరాబాదులో సూర్యుడు 33 డిగ్రీల ఎత్తులో, పడమరకి కాస్త ఉత్తరంగా ఉంటాడు. 3 మీటర్ల ఎత్తున్న మూల నీడ అప్పుడు నాలుగున్నర మీటర్లు తూర్పుకి జరిగిపోతుంది. మీరు కుర్చీ వేసుకున్న చోట ఎండే ఉంటుంది. అదే మూల 2.1 మీటర్ల దగ్గర ఉంటే నీడ మూడు మీటర్ల చిల్లరే జరుగుతుంది. అందుకని వాయవ్యం, ఆగ్నేయం దించండి. ఈశాన్యం, నైరుతి ఎత్తండి.

ఈ మాట చెప్పగానే ఈశాన్యం ఎత్తు కాకూడదని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు అంటారు. ఇది ఇంటి కప్పు కాదు, వేసవి దాటాక విప్పి మడతపెట్టే గుడ్డ. అయినా మనసొప్పకపోతే ఈశాన్యం, నైరుతి దించి, మిగతా రెండూ ఎత్తండి. సాయంత్రం నీడ కాస్త తగ్గుతుంది, గట్టితనం మాత్రం తగ్గదు. ఈశాన్యం ఒక్కటే దించి మిగతా మూడూ ఒకే ఎత్తులో ఉంచడం వద్దు. అందులో మెలి సగమే ఉంటుంది.

ఇక అంచు. నెట్టుని దీర్ఘచతురస్రంగా తిన్నగా కత్తిరిస్తే మూలలు బిగిసినా అంచులు వదులుగా ఉండి రెపరెపలాడతాయి. అంచు లోపలికి వంపు తిరగాలి, పొడవులో పదో వంతు. 4 మీటర్ల అంచుకి నడుమ 40 సెంటీమీటర్లు లోపలికి, 3 మీటర్ల అంచుకి 30. ఈ వంపు గీయడానికి నా దగ్గరున్న ఉపాయం: కరెంటు వైరింగుకి వాడే పీవీసీ పైపు సన్నది ఒకటి తెచ్చి, రెండు చివరలూ మూలల దగ్గర ఆనించి, నడుమ చెప్పిన కొలతకి వంచి పట్టుకుని, పక్కనే సుద్దతో గీయండి. ఇద్దరు పట్టుకోవాలి, ఒకరు గీయాలి. గీత మీదుగా కత్తిరించి, అంచు మడిచి, మంచానికి అల్లే నవారు లాంటి పాలిస్టర్ పట్టీ పెట్టి కుట్టించండి. నూలు పట్టీ, నూలు దారం ఎండకి, వానకి చివికిపోతాయి. ఇంట్లో కుట్టుమిషను మీద కుట్టొద్దు, సూది విరుగుతుంది. పట్టాలు కుట్టే షాపుకి తీసుకెళ్ళండి. మూలల్లో అదే పట్టీని మూడు మడతలు వేయించి, అందులో స్టీలు డీ-రింగు బిగించమనండి. గుడ్డకి నేరుగా ఇత్తడి ఐలెట్ (తాడు దూర్చే కన్నానికి బిగించే రింగు) గుచ్చి వదిలేస్తామంటే ఒప్పుకోవద్దు.

పైపులు నిలబెట్టడం, డ్రిల్లు వాడటం నేను చెప్పక్కర్లేదు. ఎక్కడ పాతాలో మాత్రం చెబుతాను, పిట్టగోడ వల్ల. మన డాబాల పిట్టగోడ చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలదే. అది మనుషులు పడిపోకుండా కట్టింది, పైనుంచి లాగితే తట్టుకోదు. గాలి లెక్క చూడండి. గాలి వేగాన్ని సెకనుకి మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల గాలికి అది సుమారు 167 న్యూటన్లు, అంటే 17 కిలోల బరువు. 12 చదరపు మీటర్ల పట్టాకి రెండు వందల కిలోలు. వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలు. భవనాలు కట్టేటప్పుడు చూసే ఐఎస్ 875 ప్రమాణంలో హైదరాబాదుకి సెకనుకి 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకి 50 మీటర్లు ఉంది. 50 మీటర్ల గాలంటే చదరపు మీటరుకి 150 కిలోల పైమాటే. నెట్ కొంత గాలిని వదిలేస్తుంది, దాని మీద పడేది తక్కువ. పట్టా ఏమీ వదలదు. అందుకే నేను డాబా మీద పట్టా కట్టనివ్వను.

కాబట్టి పిట్టగోడని వదిలేయండి. స్లాబు మీదికి లేచిన పిల్లర్లు, మెట్లగది బీము, ఇవి మంచి చోట్లు. అవి లేని మూలలో రెండంగుళాల జీఐ పైపు నిలబెట్టి, కొద్దిగా బయటికి వాల్చి, పైనుంచి రెండు తాళ్ళు వెనక్కి లాగి పిల్లరు మొదట్లో ఐబోల్టుకి (తలలో రింగున్న బోల్టు) కట్టండి. మంచినీళ్ళ ట్యాంకు పైపుకి కట్టకండి.

బిగించడానికి అందరూ తిప్పితే తాడు బిగిసే మర కొక్కెం, అదే టర్న్‌బకిల్ అడుగుతారు. వాడండి, తప్పు లేదు. నాకు మాత్రం లారీవాళ్ళు లోడు మీద పట్టా బిగించే ముడే ఇష్టం. తాడు నడుమ ఒక మెలిక వేసి, కొసని ఐబోల్టులోంచి తిప్పి, ఆ మెలికలోంచి కిందికి లాగి కట్టేది. ఉత్త చేత్తో లాగినదానికంటే గట్టిగా బిగుస్తుంది. వాతావరణశాఖ హెచ్చరిక వచ్చిన సాయంత్రం ఒక్క గుంజుకి ఊడొస్తుంది కూడా. తుఫానుకి నిలబడే నీడ కట్టాలని చూడకండి. తుఫాను ముందు నిమిషాల్లో విప్పగలిగే నీడ కట్టండి. తాడు పాలిస్టరుదే కొనండి. నైలాను తడిస్తే ఇంకా సాగుతుంది, రోజూ బిగిస్తూ కూర్చోవాలి.

రంగు గురించి ఒక్క మాట. ఆకుపచ్చ నెట్ నర్సరీలకి బాగుంటుంది. దాని కింద కూర్చున్న మనుషుల మొహాలు కూడా ఆకుపచ్చగా కనబడతాయి, అన్నం రంగు మారిపోతుంది. కూర్చుని తినే చోటికి ఇసుక రంగో తెలుపో తీసుకోండి, 75 శాతం నీడది. 90 శాతం దానికి గాలి కూడా తగ్గిపోతుంది.

సోలార్. గుడ్డ మీదికే కుట్టే పలచని ప్యానెళ్ళు వస్తున్నాయి. ఇంటి పందిరికి నేను వద్దంటాను. గుడ్డ కదిలినప్పుడల్లా అవి వంగుతాయి, గుడ్డకి అంటుకున్న వైపు గాలి ఆడక వేడెక్కుతాయి. సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఇచ్చే కరెంటు, ఆపైన ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. 65 డిగ్రీలకి ఆరో వంతు పోయినట్టే. అందుకని గట్టి ప్యానెల్ 20 వాట్లది ఒకటి మెట్లగది కప్పు మీద పెట్టండి, దక్షిణానికి 10 నుంచి 15 డిగ్రీలు వాల్చి. హైదరాబాదులో సూర్యుడు మే 9న, మళ్ళీ ఆగస్టు 3న సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యకాలమంతా మధ్యాహ్నం కాస్త ఉత్తరాన ఉంటాడు, కనుక వేసవికి ఎక్కువ వాల్చాల్సిన పనిలేదు. ట్యాంకు నీడ, కొబ్బరాకు నీడ ప్యానెల్ మీద పడకూడదు. గడులన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి, ఒక్క గడికి నీడ పడితే మిగతావీ నీరసిస్తాయి. రోజుకి అయిదు గంటల మంచి ఎండ, నష్టాలు తీసేస్తే 70 వాట్-గంటలు చేతికొస్తాయి. 5 వాట్ల ఎల్‌ఈడీ దీపం అయిదు గంటలకి 25 తీసుకుంటుంది. మిగిలినదానితో 20 వాట్ల చిన్న డీసీ ఫ్యాను రెండు గంటలు తిరుగుతుంది. 12 వోల్టుల 6 ఆంపియర్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సరిపోతుంది. దాన్ని ఎండలో రేకు డబ్బాలో పెట్టకండి. సాధారణంగా 45 డిగ్రీలు దాటితే దాన్ని ఛార్జి చేయకూడదు. మెట్లగది లోపల పెట్టి, వైరు పైపు వెంబడి దించండి. వైరింగు వివరంగా నాలుగో పాఠంలో.

అభ్యాసం. మొదట చేతిరుమాలుతో. నలుగురు నాలుగు మూలలు పట్టుకుని మట్టంగా లాగండి, నడుమ ఒక నిమ్మకాయ వేయండి. ఎంత దిగిందో చూశాక ఎదురెదురు ఇద్దరు చేతులెత్తి, మిగతా ఇద్దరు దించి, మళ్ళీ లాగండి. ఈసారి నిమ్మకాయ ఎటు దొర్లుతుందో చూడండి. నడుమ కింద నుంచి వేలితో నొక్కండి, పైనుంచి నొక్కండి. తేడా వేలికి తెలిసేదాకా చేయండి.

తరవాత ఒక ఆదివారం డాబా మీద నాలుగు గుంజలకి పాత దుప్పటి, పైన చెప్పిన ఎత్తుల్లో. ఉదయం 10కి, 12కి, 2కి, 4కి నీడ అంచు చుట్టూ సుద్దతో గీయండి, గీత పక్కన గంట రాయండి. నాలుగు ఆకారాలూ కలిసిన చోటే మీ కుర్చీల చోటు. అది ఇంటికి పనికొచ్చే చోట పడకపోతే గుంజలు జరిపి, వచ్చే ఆదివారం మళ్ళీ గీయండి. ఆ గీతల ఫొటో, మూలల ఎత్తులు, పిల్లర్ల మధ్య దూరాలు పంపినవాళ్ళకి ఏ మూల ఎంత ఎత్తాలో, దించాలో లెక్క వేసి చెబుతాను. కొత్త గుడ్డ కత్తిరించడం ఆ తరవాతే.