పుకారును గల్లీలోనే ఆపే బస్తీ బృందం: కట్టే పద్ధతి

హింసాత్మక తీవ్రవాదాన్ని ఆపడం పోలీసుల పని అని చేతులు దులుపుకుంటే, మనకు తెలిసేసరికే చేయి దాటిపోతుంది. 2016 జనవరిలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ముందుంచిన కార్యాచరణ ప్రణాళిక కూడా భద్రతా చర్యలు ఒక్కటే చాలవని, యువతను, మహిళలను, స్థానికులను కలుపుకోవాలని చెప్పింది. హైదరాబాద్‌లో ఆ పని బస్తీ నుంచే మొదలవ్వాలి.

ఈ బస్తీ బృందానికి పన్నెండు మంది సరిపోతారు. మసీదు కమిటీ నుంచి ఇద్దరు, గణేశ్ మండపం నుంచి ఇద్దరు, పొదుపు సంఘం మహిళలు ముగ్గురు, పాతికేళ్లలోపు కుర్రాళ్లు ఇద్దరు, ఒక టీచరు, ఒక ఆటో డ్రైవరు, ఇరానీ హోటల్ నడిపే ఒకరు. హోటల్‌ను చిన్నచూపు చూడొద్దు, గల్లీలో మాట ముందుగా చేరేది అక్కడికే. పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లను మాత్రం తీసుకోవద్దు. ఎన్నికలు రాగానే బృందం రెండుగా చీలుతుంది.

పండగకు కనీసం నెల ముందే కూర్చోండి. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. ఇలాంటి సర్దుబాటు ముందురోజు రాత్రి కూర్చుంటే కుదిరేది కాదు.

పుకారు విషయంలో ఏమరుపాటు ప్రాణాలు తీస్తుంది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ మెసేజ్‌లు నమ్మి, చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. అందుకే మెసేజ్ రాగానే చోటు, సమయం, ఎవరు పంపారో రాసుకోండి. రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఆ గల్లీలోనే ఉన్న మనిషికి ఫోన్ చేసి, కళ్లతో చూసింది చెప్పమనండి, విన్నది వద్దు. తర్వాత అందరూ గుర్తుపట్టే గొంతుతో అర నిమిషం వాయిస్ మెసేజ్, ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి. మొదటి వాక్యంలోనే నిజం చెప్పాలి. 'ఇది ఫేక్' అని రాసి పాత వీడియోనే మళ్లీ పంపడం చాలామంది చేసే పొరపాటు. రాసింది ఊడిపోతుంది, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గుంపు చేరుతుంటే ఇవన్నీ పక్కనపెట్టి ముందు 100కో 112కో ఫోన్ చేయండి.

దారి తప్పుతున్న కుర్రాడి సంగతి ఇంకా సున్నితం. గడ్డం, బొట్టు, నమాజు, మాల ఇవేవీ గుర్తులు కావు. పాత స్నేహితులందరినీ వదిలేయడం, ఒక మతం వాళ్లందరినీ శత్రువులనడం, చంపడం తప్పు కాదని వాదించడం, ఇవీ చూడాల్సినవి. అతను నమ్మే ఒక్క మనిషే మాట్లాడాలి. గ్రంథాల మీద వాదనకు దిగొద్దు. పని, అప్పు, ఎక్కడైనా జరిగిన అవమానం గురించి అడగండి. మనసు కుంగి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో పోలీసులు, బడులు, సంక్షేమ సిబ్బంది కలిసి ఇలాంటి యువకులను వెనక్కి తెచ్చే ప్రయత్నం చేశారు. పేర్ల జాబితా మాత్రం ఎక్కడా రాయొద్దు. అది బయటపడితే కుర్రాడి బతుకు పాడవుతుంది, మరే తల్లీ మీ దగ్గరకు రాదు. ఆయుధం, పథకం, ఫలానా మనిషిని కొట్టాలన్న మాట వినపడితే అదే గంటలో పోలీసులకు చెప్పాలి.

ఇలాంటి పని చేసే విదేశీ సంస్థల అనుభవం తెలుసుకోవడానికి అడ్డు లేదు. డబ్బు తీసుకోవాలంటే మాత్రం విదేశీ విరాళాల చట్టం, 2010 కింద నమోదు లేదా ముందస్తు అనుమతి తప్పనిసరి. నమోదుకు మామూలుగా మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. సొమ్ము ముందుగా ఢిల్లీ ప్రధాన ఎస్‌బీఐ శాఖలోని ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత దాన్ని మరో సంస్థకు మళ్లించడం కుదరదు, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. నమోదైన సంస్థ ఆ ఏడాది ఒక్క రూపాయి రాకపోయినా వార్షిక రిటర్న్ వేయాల్సిందే.