మద్యం తాగిన మర్నాడు మూత్రంలో షుగర్ పరీక్ష ఎలా చేసుకోవాలి?

మద్యం రక్తంలోని చక్కెరను పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు. తీపి కల్లు, బీరు, విస్కీలో కలుపుకునే కూల్‌డ్రింకు దాన్ని పెంచుతాయి. ఆల్కహాల్ మాత్రం కాలేయం కొత్తగా గ్లూకోజ్ తయారు చేయడాన్ని అడ్డుకుంటుంది కనుక, ఏమీ తినకుండా తాగినవారిలోనూ, ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి షుగర్ మందులు వాడేవారిలోనూ కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటి ఉదయానికి, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

లేవగానే వచ్చే మూత్రం రాత్రంతా మూత్రాశయంలో చేరినది కాబట్టి, ఎప్పుడో అర్ధరాత్రి పెరిగి తగ్గిపోయిన చక్కెరను కూడా అది చూపిస్తుంది. అందువల్ల మొదటిసారి మూత్రం పోసి, ఒక గ్లాసు నీళ్లు తాగి, అరగంట తర్వాత వచ్చే మూత్రాన్ని శుభ్రమైన కప్పులో పట్టాలి.

మూత్రంలో చక్కెర ఉంటే రంగు మారే పరీక్ష స్ట్రిప్పుల డబ్బాపై గడువు తేదీ చూసి, ఒక స్ట్రిప్పు తీయగానే మూత బిగించండి. తేమ తగిలితే మిగిలినవి పాడవుతాయి. స్ట్రిప్పును క్షణకాలం ముంచి, అంచును కప్పుకు ఆనించి అదనపు తడిని వదిలించి, డబ్బాపై రాసిన సమయానికి, గడియారం చూసుకుంటూ, రంగును పోల్చాలి. ఆ తర్వాత మారే రంగుకు విలువ లేదు.

ఫలితాన్ని అర్థం చేసుకోవడంలోనే అసలు చిక్కు ఉంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మి.గ్రా. దాటితేనే సాధారణంగా మూత్రంలోకి వస్తుంది కాబట్టి, 170 ఉన్నా 50 ఉన్నా స్ట్రిప్పు ఒకే రంగు చూపిస్తుంది. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వేసుకుంటే ఉన్న చక్కెర కూడా కనబడకపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు వాడేవారికి మూత్రంలో చక్కెర ఎలాగూ పోతుంది. వారికి ఈ పరీక్ష పనికిరాదు. ఈ మందులు వాడకుండానే రంగు మారినవారు పరగడుపు రక్తపరీక్ష, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే రక్తపరీక్ష) చేయించుకోవాలి. స్ట్రిప్పులో కీటోన్ల (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే పదార్థాల) గడి కూడా రంగు మారి, వాంతులు, కడుపునొప్పి ఉంటే, షుగర్ ఎంత ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చెమటలు, వణుకు, తడబడే మాటలు కనిపిస్తే స్ట్రిప్పును పక్కన పెట్టి గ్లూకోమీటరుతో చూడాలి. ఇవి చక్కెర పడిపోయిన గుర్తులు కావచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం ఇంకా మత్తు దిగలేదనుకుంటారు. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.