గానుగ మొదలుపెట్టే ముందు స్విచ్ ఎక్కడుందో చూసుకోండి

మా చిత్తూరు పక్క డిసెంబర్ దాకా వానలు, అవి తగ్గీ తగ్గకముందే అందరం బెల్లం వండే చెరుకు గానుగ సర్దుకోవడంలో పడతాం. పెనానికి మాట్లేయడం, పొయ్యి మెత్తడం, కూలోళ్ళకి అడ్వాన్సులు అన్నీ గుర్తుంటాయి, మోటార్ స్విచ్ మాత్రం ఎవురికీ పట్టదు. మా గానుగలో ఆ స్విచ్ (స్టార్టర్) షెడ్డు వెనక గోడకుండేది. ఒకరోజు రాత్రి మూడు గంటలప్పుడు మా మామ భుజం మీద తువ్వాలు రోలర్లలో ఇరుక్కుంది, ఆయన అరుస్తా ఉంటే నేను చుట్టూ తిరిగి పరిగెత్తి ఆపేలోపల సగం తువ్వాలు లోపలికి పోయింది, మెడకి చుట్టుకోలేదు కాబట్టి బతికిపోయినాడు. మర్నాడే స్విచ్ చెరుకు పెట్టే మనిషి చేతికందే చోటికి మార్పించినాం. ఆఫ్ చేసినా రోలర్లు ఠక్కున ఆగవు, ఇంకో రెండు చుట్లు తిరిగే ఆగేది, అందుకే ఇరుక్కున్న గడని చేత్తో లాగొద్దు, ఇంకో గడతో తొయ్యండి. తువ్వాలు, వదులు లుంగీ, చీర కొంగు ఏదైనా సరే దగ్గరికి రానీయొద్దు.

 

పొయ్యిలోకి వేసే చెరుకు పిప్పి సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి, తుపాను వస్తే తడిసిన పిప్పి మండదు, ఒట్టి పొగ. ఎండినదాన్ని పట్ట కింద పెట్టుకోండి, కానీ పొయ్యికి ఆనుకోని కాదు, ఒక్క నిప్పురవ్వ చాలు. చెరుకు కొట్టినాక ఒక్కరోజులో ఆడించేయండి. నేను ఒకసారి కరెంటు లేదని మూడు రోజులు పెట్టినా, అచ్చులో బెల్లం గట్టిపడకుండా జిగటగా ఉండిపోయింది, ఆ సరుకు ఎవరూ ముట్టలేదు.

రంగు కోసం హైడ్రోస్ (బెల్లాన్ని తెల్లబరిచే రసాయనం పొడి) వేసేవాళ్ళు డబ్బా మూత గట్టిగా పెట్టండి, తడి తగిల్తే తనకి తానే వేడెక్కి ఘాటు గ్యాస్ వదుల్తుంది, ఒక్కోసారి మంట కూడా అంటుకుంటుంది. నన్నడిగితే అది లేకుండానే మేలు, మడ్డి తేల్చేదానికి బెండచెట్టు కాండం దంచిన జిగురు చాలు, బెల్లం కొంచెం నల్లగా ఉంటే ఏమైతుంది?

ఇంక పాకం. దించే టైంకి 118 డిగ్రీల పైనే ఉంటుంది, నీళ్ళ మాదిరి జారిపోదు, చర్మానికి అంటుకోని కాలుస్తానే ఉంటుంది. పిల్లోళ్ళు వేడి బెల్లం అని పెనం చుట్టూ తిరుగుతారు, గీత గీసి అవతలే నిలబెట్టండి. ఎవురికైనా పడితే పేస్టు, సిరా, పసుపు పూసేది కాదు, 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పోస్తానే ఉండాల. అందుకే పొయ్యి రాజేసేముందే ఒక డ్రమ్ము నిండా మంచినీళ్ళు పెట్టండి, రసం గిన్నెలు కడిగేదానికి మాత్రం దాన్ని ముట్టుకోవద్దని కూలోళ్ళకి గట్టిగా చెప్పండి.